మామిడికాయ పప్పు చేసిన గాయం

చొక్కా మీద పప్పు ఒలకబోసుకోని మనిషి తెలుగునేల మీద ఉండడు. మీరూ ఒలకబోసుకునే ఉంటారు, తుడుచుకుని మీ పని మీరు చూసుకునే ఉంటారు. నేను మటుకు అలా చేయలేదు. ఒక్క గరిటెడు మామిడికాయ పప్పుతో హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనాన్ని అట్టుడికించాను. ఎనిమిదో అంతస్తుకు స్ట్రెచర్ తెప్పించాను. కడపలో హాయిగా కిరాణా కొట్టు నడుపుకుంటున్న మా మేనమామకు లేని జబ్బు అంటగట్టాను. ఇదంతా చదువు లేక చేశానంటే క్షమించవచ్చు. ఎమ్మెస్సీ బోటనీ, ఫస్ట్ క్లాసు చేతిలో పెట్టుకుని చేశాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. నిజాంపేటలో మా అక్క వాళ్ల ఫ్లాటులో ఉంటూ ఉద్యోగాలు వెతుకుతున్నాను. వెతుకుతున్నాను అంటే, రోజూ పొద్దున తయారై బయటికి వెళ్లి, సాయంత్రం వాడిపోయిన తోటకూరలా తిరిగొస్తున్నాను. అప్పటికి నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి. మా బావ రమణ ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. మంచి మనిషే గానీ, నా ప్రతి ఓటమినీ ఆయన తన లాభంగా చూసేవాడు. ఒక ఆదివారం కాఫీ తాగుతూ, "ఈసారి గిన రాకపోతే నాతో వచ్చేయ్ సురేంద్రా. రోడ్డు పక్కన గొడుగేసుకోని కాగితాలు పంచడమేగా, దానికి బాటనీ అడ్డం రాదులే," అన్నాడు. నా పేరు రాసి ఉన్న టోపీ ఒకటి అప్పటికే చేయించాడని అక్క నాకు చెవిలో చెప్పింది.

అలాంటి సమయంలో వచ్చింది ఆ పిలుపు. ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకు ఆన్‌లైన్లో జీవశాస్త్రం చెప్పే కంపెనీ. పాఠాలు తెలుగులో రాసేవాళ్లు కావాలి. కణం, కణ త్వచం, నీరు, లవణాలు, ఆమ్లాలు, క్షారాలు, అన్నీ మొదటి మెట్టు విషయాలే. ఆ మెట్టు నేను ఎప్పుడో ఎక్కి దిగిపోయానని నా ధీమా. కొత్త తెల్ల చొక్కా కొని, ఇస్త్రీ చేయించి, మడత నలగకుండా బైక్ టాక్సీ వెనక కొయ్యబొమ్మలా కూర్చుని వెళ్లాను.

పొద్దున రాత పరీక్ష బాగా రాశాను. మధ్యాహ్నం ఇంటర్వ్యూ. ఈ రెంటికీ మధ్య ఆ కంపెనీవాళ్లు దయతలచి మాకు భోజనం పెట్టారు. వాళ్లు ఆ దయ తలచకపోయి ఉంటే ఈ కథ లేదు. వరుసలో నిలబడి వెళ్లేసరికి మామిడికాయ పప్పు కనిపించింది. పచ్చగా, చిక్కగా, పైన ఎండుమిరపకాయలు తేలుతూ. కడప మనిషికి పప్పు కనిపిస్తే మిగతా లోకం కనిపించదు. ఒక గరిటె వేయించుకున్నాను. రెండోది వేయించుకున్నాను. మూడో గరిటె పళ్లెంలో పట్టలేదు. అది నా చొక్కా ఎడమ జేబు మీద పడింది. సరిగ్గా గుండె ఉండే చోట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీని వల్లే నా కొంప మునుగుతుంది.

ఇంటర్వ్యూకు ఇంకా పావుగంట ఉంది. బాత్రూముల వైపు పరుగెత్తాను. అక్కడ నేల తుడుస్తున్న లక్ష్మమ్మ నన్ను చూసి కర్ర పక్కన పెట్టింది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి ఆ భవనంలో హౌస్‌కీపింగ్ పని చేస్తున్న యాభై ఏళ్ల మనిషి. చొక్కా వంక ఒక్క చూపు చూసి సంగతి గ్రహించింది.

"ఒట్టి నీళ్లతోని తుడ్సుకోర్రి సార్. సబ్బు మాత్రం వెట్టకుర్రి, ఎర్రగైతది," అంది.

నేను నవ్వాను. ఎంత జాలిగా నవ్వానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే ఒకటి ఇచ్చుకోవాలనిపిస్తుంది. నవ్వి ఊరుకోలేదు, ఆమెకు పాఠం చెప్పాను. సబ్బు అణువుకు రెండు కొసలుంటాయమ్మా, ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, రెండో కొసకు నూనె అంటే ఇష్టం, పప్పులో ఉన్న తాలింపు నూనెను ఆ రెండో కొస పట్టుకుంటుంది, నీళ్లు మొదటి కొసను పట్టుకుని మొత్తాన్నీ లాక్కుపోతాయి అన్నాను. అంతటితో ఆపానా? మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే త్వచం కూడా ఇలాంటి రెండు కొసల అణువులతోనే తయారవుతుందని, అవి రెండు వరుసలుగా నిలబడి కణానికి ప్రహరీ గోడ కడతాయని చేతులు ఊపుతూ వివరించాను. లక్ష్మమ్మ ఓపికగా విన్నది. విని, తన బకెట్‌లోంచి నీలం రంగు బట్టల సబ్బు ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"సద్వుకున్నోళ్లు. మీ ఇష్టం," అని తన దారిన తాను పోయింది.

జేబు తడిపి సబ్బు రుద్దాను. నూనె పోయింది, నా సిద్ధాంతం గెలిచింది. కానీ పసుపు రంగు ఉన్న చోట ఎర్రటి మచ్చ తేలింది. సరిగా రుద్దలేదేమో అనుకుని ఇంకాస్త రుద్దాను. ఇంకాస్త ఎర్రబడింది. కంగారులో నురగతో సహా అటూ ఇటూ పామాను. మచ్చ అరచేయంత అయింది. నీళ్లు చల్లాను. అది కిందికి ధారలు కట్టింది. అద్దంలో చూసుకుంటే, ఎవరో నన్ను దగ్గర నుంచి కాల్చి పారిపోయినట్టున్నాను.

అదే నిమిషంలో బయట నా పేరు పిలిచారు.

తలుపు తీసుకుని వెళ్లాను. పేర్లు పిలిచే అమ్మాయి నన్ను చూసి చేతిలో కాగితాలు కింద పడేసింది. ఏమైంది సార్, రక్తమా అని అడిగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. నా జీవితంలో రెండు దారులు చీలిన చోటు ఇది. "కాదమ్మా, పప్పు" అంటే అయిపోయేది. కానీ ఆలోచించండి. పప్పు ఒలకబోసుకుని వచ్చినవాడికి ఉద్యోగం ఎవరిస్తారు? గాయంతో వచ్చినవాడి సంగతి వేరు. వాడిలో ఒక పట్టుదల ఉంది, ఒక హుందాతనం ఉంది. నా నోరు నన్ను అడగకుండానే నిర్ణయం తీసేసుకుంది. వచ్చేటప్పుడు బైక్ టాక్సీ మీద నుంచి పడ్డానని, చిన్న దెబ్బేనని, ఇంటర్వ్యూ ముఖ్యమని చెప్పాను. పొద్దున్నే పడ్డవాడు మధ్యాహ్నం దాకా తెల్లటి చొక్కాతో పరీక్ష ఎలా రాశాడని ఆ అమ్మాయికి తోచలేదు. నాకూ తోచలేదు.

లోపల సుభాషిణి మేడం కూర్చుని ఉన్నారు. కాకినాడలో చాలా ఏళ్లు జువాలజీ లెక్చరర్‌గా పనిచేసి, ఈ కంపెనీలో పాఠాల విభాగానికి పెద్దగా వచ్చారు. నన్ను చూసి కుర్చీలోంచి లేచిపోయారు.

"ఏంటండీ ఇది? ముందు కూర్చోండి. హాస్పిటల్‌కి వెళ్లకుండా ఇక్కడికి ఎలా వచ్చారండీ?"

పర్లేదు మేడం, ప్రశ్నలు అడగండి అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతులో పలికిన వీరత్వానికి నాకే ఒళ్లు పులకరించింది. ఆవిడ కళ్లలో గౌరవం కనిపించింది. అప్పుడైనా ఆపి ఉండాల్సింది.

ఆవిడ ప్రశ్నలు కూడా పాపం నన్ను చూస్తూ వేసినట్టే ఉన్నాయి. ఎర్ర రక్త కణాన్ని మంచినీళ్లలో వేస్తే ఏమవుతుందని అడిగారు. నీళ్లు ద్రవాభిసరణంతో లోపలికి పోతాయి, కణం ఉబ్బి పగిలిపోతుంది అన్నాను. మరి ఉల్లిపొర కణాన్ని వేస్తే? దానికి బయట గట్టి కణ కవచం ఉంటుంది కాబట్టి బిగుసుకుంటుంది గానీ పగలదు అన్నాను. రక్తం ఆమ్లమా, క్షారమా అన్నారు. కొంచెం క్షారం మేడం అన్నాను. ఇద్దరం ఒకసారి నా జేబు వంక చూసుకున్నాం.

"ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే పదార్థాల్ని ఏమంటారండీ?"

"సూచికలు మేడం."

"ప్రతి వంటింట్లోనూ ఉండే సూచిక ఒకటి చెప్పండి."

చూశారా. పరీక్షలో జవాబులు అరచేతిలో రాసుకెళ్లే దొంగలు ఉంటారు. నేను జవాబును గుండెల మీద అరచేయంత వెడల్పున పూసుకుని కూర్చున్నాను. అయినా తట్టలేదు. లిట్మస్ అన్నాను. లిట్మస్ వంటింట్లో ఎందుకుంటుందండీ అన్నారు. నా మెదడు ఖాళీ అయింది. చెమటలు పట్టాయి. ఆవిడ దాన్ని వేరేగా అర్థం చేసుకున్నారు. మనిషి పాలిపోతున్నాడు, జ్ఞాపకం తప్పుతోంది, రక్తం చాలా పోయింది అనుకున్నారు. బల్ల మీదుగా వంగి నా చొక్కాను పరీక్షగా చూశారు.

"దెబ్బ తగిలి ఎంతసేపైందండీ?"

"మూడు గంటలు మేడం."

"మూడు గంటలైనా ఇంకా ఇంత ఎర్రగా, తడిగా ఉందేంటి? గడ్డకట్టలేదేంటండీ?" ఆవిడ గొంతు తగ్గింది. "మీ ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉందా?"

ఒక జీవశాస్త్రం మనిషి దగ్గర అబద్ధమాడితే వచ్చే ఇబ్బంది ఇదే. ఆవిడకు లెక్క కుదరాలి. ఆ జబ్బు తల్లి వైపు నుంచి కొడుకులకు వస్తుందని నాకు తెలుసు. "మా మేనమామకు ఉంది మేడం," అన్నాను. అంతటి ఆపదలోనూ, అబద్ధంలో కూడా జన్యుశాస్త్రం తప్పలేదని లోపల కొంచెం గర్వపడ్డాను.

ఆ గర్వం పూర్తిగా తీరకముందే ఆవిడ ఫోను ఎత్తారు. రెండు నిమిషాల్లో ఇద్దరు సెక్యూరిటీవాళ్లు స్ట్రెచర్‌తో వచ్చారు. నడవగలను అన్నాను. కదలకూడదు అన్నారు. ఎనిమిదో అంతస్తులో కంప్యూటర్ల ముందున్న వాళ్లంతా లేచి నిలబడి నాకు దారి ఇచ్చారు. లిఫ్టులో ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాడు నా చెయ్యి పట్టుకుని, తనది అందరికీ పనికొచ్చే రక్తం గ్రూపు అని, ధైర్యంగా ఉండమని చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. అది కృతజ్ఞత అనుకుని అతనూ కళ్లు తుడుచుకున్నాడు.

కింద అంతస్తులో ప్రథమ చికిత్స గది ఉంది. అక్కడ నర్సు ఒకావిడ నన్ను మంచం మీదికి మార్పించి గుండీలు విప్పమంది. నేను రెండు చేతులతో చొక్కా పట్టుకున్నాను. విప్పితే కింద ఏ గాయమూ లేని నున్నటి ఛాతీ బయటపడుతుంది. ఆవిడ ఇలాంటి మొండి రోగుల్ని చాలామందిని చూసినట్టుంది, కత్తెర తీసింది. సుభాషిణి మేడం నా తల నిమురుతూ, కళ్లు మూసుకోండి, ఏం కాదండీ అంటున్నారు. బయట అంబులెన్సు కూత వినిపిస్తోంది. గుమ్మం నిండా జనం. కత్తెర మొదటి గుండీని తాకింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ లక్ష్మమ్మ వచ్చింది. ఎవరో తెల్ల చొక్కా సార్ పడిపోయాడని విని, పాపం, పైనున్న పాంట్రీ నుంచి రెండు నిమ్మకాయ చెక్కలూ గ్లాసుడు నీళ్లూ పట్టుకుని షర్బత్ కలిపిద్దామని వచ్చింది. మంచం మీద నన్ను చూసి ఆగిపోయింది.

"గీ సారా? గీ సార్‌కేమైంది?"

రక్తం పోతోందమ్మా, అడ్డు లే అంది నర్సు.

"రక్తమేంది? గది మామిడికాయ పప్పు. సబ్బు వెట్టకుర్రి సార్ అంటే ఇన్లే. నాకే సబ్బు గురించి సద్వు జెప్పిండు."

అని, ఆగమంటున్నా ఆగకుండా వచ్చి నిమ్మచెక్కను నా జేబు మీద పిండింది. గదిలో ఉన్న అందరి కళ్ల ముందూ, నిమ్మరసం పడిన చోటల్లా నా నెత్తురు పసుపుపచ్చగా మారిపోయింది. రెండో చెక్క పిండేసరికి ఎరుపు చాలావరకు పోయి, మొదట ఎలా పడిందో అలాంటి నిఖార్సయిన పప్పు మరక మిగిలింది.

నర్సు కత్తెర మూసింది. లిఫ్టులో నా చెయ్యి పట్టుకున్న కుర్రాడు తన చెయ్యి వంక చూసుకున్నాడు. సుభాషిణి మేడం మాత్రం నా మొహం వంకే చూస్తూ మెల్లగా అడిగారు.

"ఇందాకటి ప్రశ్నకు ఇప్పుడైనా జవాబు చెప్తారా?"

"పసుపు మేడం," అన్నాను.

ఆవిడ పెదవులు బిగించుకున్నారు. వివరించండి అన్నారు. మంచం మీద పడుకునే వివరించాను. పసుపులో ఉండే రంగు పదార్థం ఆమ్లంలో పచ్చగా ఉంటుంది, క్షారం తగిలితే ఎర్రబడుతుంది, సబ్బు క్షారం, నిమ్మరసం ఆమ్లం అన్నాను. అందుకే పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుందని లక్ష్మమ్మ పక్క నుంచి అందించింది. మా మేనమామ ఎలా ఉన్నారని మేడం అడిగారు. దిట్టంగా ఉన్నారు మేడం, బస్తాలు మోస్తారు అన్నాను. అంతే, ఆవిడ ఇక ఆపుకోలేకపోయారు. కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వారు. అంబులెన్సుతో వచ్చిన మనిషి లోపలికి వచ్చి, రోగి ఎవరని అడిగితే, నర్సు ఎవర్ని చూపించాలో తెలియక మేడంని చూపించింది.

ఉద్యోగం పోయిందనుకుని లేచి, తడి చొక్కాతో చేతులు కట్టుకుని క్షమించమన్నాను. నిజంగానే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఒక మనిషి నా కోసం రక్తం ఇస్తానన్నాడు, ఒక పెద్దావిడ నా తల నిమిరింది, నేను వాళ్లకు పప్పు చూపించాను. మేడం నవ్వు ఆపుకుని, అబద్ధమాడినందుకు కోపంగానే మందలించారు. తర్వాత ఒక మాట అన్నారు.

"సబ్బు సంగతి ఈవిడకు చెప్పారటగా. ఈవిడ చెప్పింది మాత్రం వినలేదు. పాఠాలు రాసేవాడికి చెప్పడం కంటే వినడం ముందు రావాలండీ. మూడు నెలలు చూస్తాను. మొదటి పాఠం ఆమ్లాలు, క్షారాలు. రాశాక లక్ష్మమ్మ గారికి చదివి వినిపించి, ఆవిడ సరే అంటేనే నా దగ్గరికి తీసుకురండి."

ఆ సాయంత్రం అక్క చొక్కా చూసి, "ఏందిరా ఇది, ఇంటర్వ్యూకి పోయినావా, పెండ్లి పంక్తిలో వడ్డించి వచ్చినావా?" అంది. ఉద్యోగం వచ్చిందని చెప్పాను. బావ అభినందించాడు గానీ, మొహంలో కొంచెం దిగులు కనిపించింది.

కథ ఇక్కడితో అయిపోతే నా పరువు ఎంతో కొంత మిగిలేది. అవ్వలేదు.

ఆ పాఠాన్ని నేను ప్రాణం పెట్టి రాశాను. లక్ష్మమ్మ రెండు చోట్ల తప్పు పట్టింది, దిద్దాను. పసుపు, సబ్బు, తెల్ల గుడ్డ, నెత్తురులా కనిపించే మరక, అన్నీ వర్ణించి, చివర్లో నా సొంత తెలివితో ఒక వాక్యం చేర్చాను: "మీరూ ప్రయత్నించి చూడండి." పాఠం పిల్లలకు తెగ నచ్చింది. ఎంత నచ్చిందో పది రోజుల తర్వాత తెలిసింది. నిజాంపేటలోనే ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచి వార్డెనమ్మ మేడానికి ఫోను చేసింది. ఆ పొద్దున ఫిజిక్స్ పరీక్ష ఉందట. సరిగ్గా పరీక్ష వేళకు తొమ్మిది మంది పిల్లలు నెత్తురోడుతూ వచ్చి, మెట్ల మీద పడ్డామని, పరీక్ష రాయలేమని చెప్పారట. వాళ్ల గదిలో మా పాఠం తెరిచి ఉండటం చూసి ఆవిడకు అనుమానం వచ్చిందట. మేడం ఫోను పెట్టేసి నా వైపు తిరిగి, వేలితో తలుపు చూపించారు.

దారిలో డజను నిమ్మకాయలు కొనుక్కుని ఆ హాస్టల్‌కు వెళ్లాను. భోజనాల గదిలో తొమ్మిది మందినీ వరుసగా నిలబెట్టి ఉంచింది వార్డెనమ్మ. నేను దూరంగా నిలబడి, గొంతు సవరించుకుని, శాస్త్రం అబద్ధాన్ని ఎలా పట్టిస్తుందో చూడండి అని ఉపన్యాసం మొదలుపెట్టాను. వార్డెనమ్మ ఒక్కొక్కరి చున్నీ మీద నిమ్మచెక్క పిండుతూ పోయింది. ఒకటి పచ్చబడింది. రెండోది పచ్చబడింది. ఎనిమిదో అమ్మాయి దాకా శాస్త్రం అప్రతిహతంగా గెలిచింది.

తొమ్మిదో అమ్మాయి మోచేతి దగ్గర చొక్కా చెయ్యి ఎర్రగా ఉంది. నిమ్మరసం పడింది. మారలేదు. ఆ అమ్మాయి పళ్లు బిగించింది. సబ్బు ఎక్కువ పట్టించినట్టుంది, ఇంకో చెక్క పిండండి అన్నాను. పిండింది. మారలేదు. క్షారం బాగా బలంగా ఉంటే ఆమ్లం కూడా ఎక్కువ కావాలి అని పిల్లలకు వివరించి, ఇంకోటి పిండమన్నాను. మూడో చెక్కకు ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సార్," అంది. "నేను సబ్బు తెద్దామని ఉరికిన. బాత్రూంల జారి పడ్డ. ఇది అసలుదే సార్. మస్తు మండుతుంది."

వార్డెనమ్మ చేతిలోని నిమ్మచెక్క వంకా, నా వంకా మార్చి మార్చి చూసింది. ఆ చూపులో ఉన్న ఆమ్లం ముందు నిమ్మకాయ ఎందుకూ పనికిరాదు.

ఆ అమ్మాయి మోచేతికి నా చేతులతోనే మందు రాసి, కట్టు కట్టి, తొమ్మిది మందికీ ఐస్‌క్రీములు తెప్పించి, ఆ భోజనాల గదిలో అందరి ఎదుటా కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఇకపై ఈ జన్మలో ఎర్ర మరక ఎక్కడ కనిపించినా, ముందు మనిషిని అడుగుతాను. ఆ తర్వాతే నిమ్మకాయను అడుగుతాను.